పన్నెండింటికి పెట్టెకు విశ్రాంతి

నెట్ ఎప్పుడు బాగుందో, ఎప్పుడు కుంటిందో తెర మీద గీతగా చూపించే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎంచమని పాల్వంచలో నెట్ పనులు చూసే బెంజమిన్‌కు అక్కడి పెద్ద దవాఖానా వాళ్ళు పని అప్పజెప్పారు. అంతటితో ఆగితే బాగుండేది. అడవి అంచు గూడెంలోని చిన్న ఆరోగ్య కేంద్రానికి రోజూ నెట్ తెగిపోతోంది. శనివారంలోగా కారణం దొరక్కపోతే అక్కడి వీడియో వైద్యం ఎత్తేస్తామన్నారు. ఎత్తేస్తే, ఆ గూడెంలో నెలలు నిండిన మంగ్లి బీపీ చూపించుకోవడానికి నలభై కిలోమీటర్లు ఆటోలో కుదుపులు తింటూ పోవాలి. ఆ మాట బెంజమిన్‌ను కుదురుగా కూర్చోనివ్వలేదు.

రెండు సాఫ్ట్‌వేర్‌లను వారం పాటు పక్కపక్కనే నడిపాడు. మొదటిది పెళ్ళికూతురిలా ముస్తాబై వచ్చింది, రంగులే రంగులు. కానీ గంటకొక సగటు చూపిస్తుంది. సగటు సంగతి తెలిసిందేగా, ఒకడి ఆకలిని పక్కవాడి భోజనంతో కప్పేస్తుంది! 'లైను కాస్త నెమ్మది' అని సరిపెట్టేసింది. రెండోది ఉచితంగా దొరికే బక్కపలచనిది, నిమిషానికోసారి లైనును పలకరించి చూస్తుంది. దాని గీతలో దాదాపు రోజూ సరిగ్గా పన్నెండింటికి ఇరవై నిమిషాల ఖాళీ. తెగే తీగ గడియారం చూసుకుని తెగదు, ఎవరో ఆపుతున్నారు.

బెంజమిన్‌కు ఒళ్ళు మండింది. బండి మీద పోయి పన్నెండింటికల్లా గుమ్మంలో నిలబడ్డాడు. కేంద్రం ఊడ్చే కన్నమ్మ, రేకుల కప్పు కింద ఉన్న నెట్ పెట్టె రూటర్ మీద అరచెయ్యి పెట్టి చూసి, స్విచ్ తీసేసింది.

"ఏందమ్మా గిది? ఆపేది నువ్వా?"

"కాలుతున్నది సారూ. చేనుకాడ మోటరు కాలితే ఆపి సల్లారనియ్యమా? గట్లనే దీనికి గూడ." చీపురు చేతిలోకి తీసుకుంటూ, "నన్ను పనిల నుంచి తీసేస్తరా?" అంది.

బెంజమిన్ ల్యాప్‌టాప్ తెరిచి గీతను మళ్ళీ చూశాడు. ఇన్నాళ్ళూ ఖాళీనే చూశాడు గానీ దాని అటూ ఇటూ చూడలేదు. ఎండ ముదిరే పదకొండున్నర నుంచే గీత వణుకుతోంది, ఖాళీ తర్వాత సాయంత్రం దాకా నున్నగా సాగుతోంది. కన్నమ్మ పనికి రాని ఆదివారం మాత్రం మధ్యాహ్నం పడిపోయి, చీకటిపడే దాకా లేవలేదు. అరిచినందుకు అతనికి సిగ్గేసింది.

"నువ్వు ఆపకుంటే ఇది ఎప్పుడో మాడిపోయేది పెద్దమ్మా," అన్నాడు.

ఇద్దరూ కలిసి రూటర్‌ను నీడపట్టున ఉన్న ఉత్తరం గోడకు బిగించారు. శనివారానికి గీతలో ఖాళీ లేదు. బెంజమిన్ రెండో సాఫ్ట్‌వేర్‌కే ఓటేశాడు, వీడియో వైద్యం నిలిచింది. ఆ సంగతి ఫోన్లో చెబితే కన్నమ్మ సంతోషించింది గానీ గొంతులో ఏదో వెలితి.

"ఇగ దానితోని నాకు పని లేదా సారూ?"

"ఎందుకు లేదు? రోజూ చెయ్యేసి చూడు, కాలితే ఫోన్ చెయ్యి. నా గీత కంటే నీకే ముందు తెలుస్తది."

సోమవారం సరిగ్గా పన్నెండింటికి ఫోన్ మోగింది. రూటర్ మళ్ళీ కాలిందేమోనని బెంజమిన్ గబుక్కున ఎత్తాడు.

"సల్లగనే ఉంది బిడ్డా," అంది కన్నమ్మ. "మంగ్లి డాక్టరమ్మతోని మాట్లాడుతున్నది. నువ్వు అన్నం తిన్నవా?"