పెద్దాయన వంగే చోటు

పెద్దాయన అంగీ విప్పి పరిస్తే మా ముందుగది మొత్తం నిండిపోతుంది. మంచం గోడకి నిలబెట్టాలి, కుర్చీ వాకిట్లో పెట్టాలి. అప్పటికీ ఒక చెయ్యి వంటింట్లోకి వెళుతుంది. ఆ చెయ్యి తొక్కకుండా దాటుకుంటూ టీ పెట్టుకోవాలి.

పెద్దాయనంటే మనిషి కాదు, బొమ్మ. మా నగరంలో ప్రతి ఎండాకాలమూ మూడు రోజులు ఉత్సవం జరుగుతుంది. రోజూ సాగే ఊరేగింపులో అందరికంటే ముందు నడిచేది ఆ బొమ్మే. పేము బద్దల చట్రం, కాగితపు గుజ్జుతో చేసిన తల, కిందిదాకా వేలాడే అంగీ. లోపల ఒక మనిషి చట్రాన్ని భుజాలకి తగిలించుకుని నడుస్తాడు.

మా ఆయన ఉన్నన్నాళ్లూ లోపల నడిచింది ఆయనే. అంగీ కుట్టేది నేను. గుండీలు పెడితే నడకకి ఊడిపోతాయి, జిప్పు పెడితే బద్దల్లో ఇరుక్కుంటుంది. అందుకని మనిషి లోపలికి దూరాక వీపు మీద కుట్టేయాలి. మళ్లీ ఎవరైనా కత్తిరిస్తేనే బయటికి రావడం. "మొగుణ్ణి సంచిలో వేసి కుట్టేసే పెళ్లాం ఊరు మొత్తం మీద ఈవిడొక్కతే" అని వీధిలో వేళాకోళం చేసేవాళ్లు. ఆయన అందరికంటే ఎక్కువ నవ్వేవాడు.

ఒక ఏడు ఎండ నిప్పులు చెరిగింది. నాలుగు వీధులు కలిసే కూడలిలో పెద్దాయన ఆగాడు. మెల్లగా ముందుకి వంగాడు. తల నేలకి ఆనేదాకా వంగాడు. అంతకుముందు ఎప్పుడూ అలా చెయ్యలేదు. తమకి నమస్కారం చేస్తున్నాడనుకుని జనం చప్పట్లు కొట్టారు, ఈలలు వేశారు. ఆ సందడి సద్దుమణిగి, ఎవరికో అనుమానం వచ్చి కుట్టు కత్తిరించేసరికి లోపల మా ఆయన ప్రాణం పోయింది.

మరుసటేడు బొమ్మలో వేరే మనిషి. కూడలికి రాగానే జనం "వంగాలి, వంగాలి" అని గోల. అతను వంగాడు. అంతే, అది ఆనవాయితీ అయిపోయింది. ఇప్పుడు పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని మరీ చూపిస్తారు. పెద్దాయన ఊరికి మర్యాద చేస్తున్నాడని చెబుతారు. ఒకసారి కొట్లో సబ్బులు కొంటుండగా నా పక్కనే ఎవరో ఈ మాట అన్నారు. నేను చిల్లర తీసుకుని వచ్చేశాను.

అయినా ఆ అంగీ నేనే కుడుతున్నాను. వేరే చేతులు దాని మీద పడితే సహించలేను. ఏడాదంతా పరాయివాళ్ల జాకెట్లు కుట్టే నేను, ఆ గుడ్డ ముట్టుకున్నప్పుడే నా పని నేను చేస్తున్నట్టు ఉంటుంది. వీధిలో రంగు దీపాలు కడుతుంటే మాత్రం కిటికీ తలుపు మూసేస్తాను.

ఈ ఏడు మా అమ్మాయి బాంబు పేల్చింది. అది బస్సుల డిపోలో టైర్లు మార్చే పని చేస్తుంది. భుజాలు వాళ్ల నాన్నవి.

"ఈసారి లోపల నడిచేది నేనే అమ్మా. ఉత్సవ కమిటీ కార్యదర్శిగారు సరేనన్నారు."

"నన్నొక మాట అడగాలనిపించలేదా ఆయనకి?"

"అడుగుదామనే అన్నారు. నేనే వద్దన్నాను. నువ్వు ఒప్పుకోవుగా."

మా ఆడపడుచు అంగీ అంచు మడత పెడుతోంది. మా ఆయనకి అక్క, పక్క వాటాలో ఉంటుంది. తల ఎత్తకుండానే అందుకుంది. "వెళ్లనీవే. నా తమ్ముడు నడిచిన బొమ్మలో ఎవడో పరాయివాడు నడుస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది."

"మీకు ఒళ్లు మండుతుంది వదినా. నాకు కడుపు మండుతుంది."

"అబ్బో, ఊరందరికీ కుడతావు. నీ నోటికి కుట్టు వేసేవాళ్లే లేరు."

అమ్మాయి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. దానికి ఇరవై దాటి చాలా ఏళ్లయింది, కాళ్లు కట్టేసి కూర్చోబెట్టలేను. ఒక్క మాట మాత్రం ఇమ్మన్నాను.

"కూడలిలో వంగకూడదు. వంగనంటేనే కుడతాను."

"జనం ఊరుకోరమ్మా."

"అరిచి అరిచి వాళ్లే ఊరుకుంటారు. నువ్వు నిటారుగా ఉన్నంతసేపూ బాగున్నావని నాకు తెలుస్తుంది. వంగావంటే నాకేం తెలుస్తుంది చెప్పు?"

అది అంగీ వైపు చూసింది. "సరే, వంగను" అంది.

ఉత్సవం ముందురోజు కార్యదర్శి వచ్చాడు. అంగీ అటూ ఇటూ తిప్పి చూశాడు. "వీపు గట్టిగా కుట్టండమ్మా. ఊరందరి ముందూ తెరుచుకుంటే నవ్వులపాలవుతాం" అన్నాడు. అలాగేనండీ అన్నాను. కానీ మర్నాడు అమ్మాయి లోపలికి దూరాక ఒకే ఒక్క దారంతో వదులుగా కుట్టాను. పైన ముడి వెయ్యలేదు. కింద కొస వేలాడదీశాను. లాగితే చాలు, మొత్తం ఊడివస్తుంది.

"అమ్మా, సూది గుచ్చకు. బొమ్మ కెవ్వుమంటే బ్యాండువాళ్లు పారిపోతారు" అంది లోపల్నుంచి.

నేను వెనకే నడిచాను. అబద్ధమెందుకు, బాగుంది. మేడల మీంచి పూలు చల్లుతున్నారు. ఎండకి బ్యాండువాళ్ల ఇత్తడి మెరుస్తోంది. కిటికీల్లో ముసలివాళ్లు కూడా నవ్వుతున్నారు. పెద్దాయన ఎడమ భుజం కొంచెం దించి నడుస్తున్నాడు, అచ్చం మా ఆయనలాగే. ఎవరూ నేర్పని నడక అది. కాసేపు నేనూ అందరిలాగే తల ఎత్తి చూస్తూ నడిచాను.

కూడలి వచ్చింది. బ్యాండు ఆగింది. "వంగాలి! వంగాలి!" జనం మీద జనం, చెవులు పగిలే కేకలు, చప్పట్లు. పెద్దాయన కదల్లేదు. నా తల్లే, మాట నిలబెట్టుకున్నావు అనుకున్నాను.

అప్పుడు మెల్లగా ముందుకి వంగాడు.

నేను దారం లాగేశాను. అంగీ మెడ దగ్గర్నుంచి కిందిదాకా తెరుచుకుంది. లోపలికి చేతులు పెట్టి అమ్మాయి నడుం పట్టుకుని వెనక్కి ఈడ్చాను. చట్రం పక్కకి ఒరిగి పడింది. పెద్దాయన ముక్కు రోడ్డుకి తగిలి విరిగింది.

అమ్మాయి చెమటతో తడిసి ముద్దయింది. ముఖం ఎర్రగా ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి.

"ఏంటమ్మా ఇది?" అంది.

చప్పట్లు ఆగిపోయాయి. ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు.

ఇంటికొచ్చాక అది బకెట్టు ముందు కూర్చుని తల మీద నీళ్లు పోసుకుంటూనే ఉంది. వదిన తువ్వాలు పట్టుకుని నిలబడింది.

"వంగనన్నావు" అన్నాను.

"అన్నాను."

"మరి?"

"నేనింకా వంగకముందే చప్పట్లు కొట్టారు. అవి నాన్నకే అనిపించింది. ఈ ఊళ్లో నాన్న ఇంకెక్కడున్నాడమ్మా? ఇంట్లో నువ్వు ఆయన మాటే ఎత్తవు. ఫోటో బీరువాలో పెట్టి తాళం వేశావు."

"ఆయన పోయిన చోటే అది!"

"తెలుసు. అందుకే వంగాను."

వదిన వైపు చూశాను. ఆవిడ తువ్వాలు దాని భుజాల మీద కప్పింది.

"రేపు కూడా వంగుతాను. ముందే చెబుతున్నాను" అంది అమ్మాయి. "గట్టిగా కుట్టకపోతే వేరే ఆవిణ్ణి పెడతామన్నారు కార్యదర్శిగారు. నాకు నువ్వే కుట్టాలి. ఇవాళ కుట్టినట్టే వదులుగా కుట్టు, ఆయనకి నేను చెప్పుకుంటాను. కాకపోతే దారం కొస లోపలికి పెట్టు. అవసరమైతే నేనే లాగుకుంటాను."

"స్పృహ తప్పితే ఎవరు లాగుతారు?"

అది తల తుడుచుకుని పడుకుంది.

మర్నాడు కుట్టాను. కొస లోపలికి పెట్టాను, దాని కుడిచేతి దగ్గర. అది ఒకసారి పట్టుకుని చూసుకుంది. ఊరేగింపు వెంట మాత్రం నేను వెళ్లలేదు. నేను వెనకుంటే దాని ధ్యాస వెనక్కే ఉంటుంది, కాలు తడబడుతుంది. ఆ మాట అది అనలేదు, నాకే తెలిసింది.

ఇంటికొచ్చి వంటింట్లో కూర్చున్నాను. వదిన వచ్చి నా పక్కనే నేల మీద చతికిలబడింది. కూడలి మాకు దూరమేం కాదు. వంగేముందు బ్యాండు ఆగుతుంది, లేచాక మళ్లీ మొదలవుతుంది. అన్నీ మాకు వినబడతాయి.

బ్యాండు ఆగింది. చప్పట్లు మొదలయ్యాయి. వదిన నా మణికట్టు పట్టుకుంది. చప్పట్లు తగ్గాయి, మళ్లీ పెరిగాయి. తర్వాత ఏమీ లేదు. పొయ్యి మీద నీళ్లు మరుగుతున్న చప్పుడు ఒక్కటే. లేచి స్టవ్వు ఆపాలని ఇద్దరికీ తోచలేదు.

బ్యాండు మళ్లీ మొదలైంది.

"లేచిందే" అంది వదిన, చెయ్యి వదలకుండానే.

నేను తలూపాను. ఇంకా ఒక రోజుంది.