అత్తగారి వేళ్ళు

అత్తగారు పోతూ పోతూ కోడలి ఎడమ మణికట్టు పట్టుకున్నారు. ప్రాణం పోయినా పట్టు వదల్లేదు. చివరికి మామగారే ఒక్కో వేలూ విడదీశారు. ఆ ఏడుపుల్లో తల పగిలిపోతుంటే కోడలు ఎప్పుడూ వేసుకునే మాత్రే ఒకటి వేసుకుంది. తెల్లారేసరికి మణికట్టు మీద గుండ్రంగా, వంకాయ రంగులో ఒక మచ్చ. ఇంకేం, చుట్టాల నోళ్ళకు పండగే. "పట్టుకున్న చోటే వచ్చింది చూశారా" అని ఒకరు, "కోడలంటే ప్రాణం కదా, వదల్లేకపోతోంది" అని ఇంకొకరు.

మచ్చ మాసిపోయేది, మళ్ళీ అదే చోట లేచేది. కోడలిది కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని, తలనొప్పులకు కొదవా? మొగుడేమో లారీ మీద ఊళ్ళు తిరిగే మనిషి. మచ్చ రేగినప్పుడల్లా మామగారు పక్కన కూర్చుని, దాని మీద వేలు ఆనించి, "వచ్చావా" అనేవారు. పాపం, నోట్లో వేలు పెడితే కొరకలేని మనిషి. కోడలు చెయ్యి లాక్కునేది కాదు.

ఆసుపత్రికి ఆయనే తోడు వెళ్ళారు. చర్మవ్యాధుల నర్సు మచ్చనూ, పెదవులనూ, కళ్ళనూ పరీక్షగా చూసింది.

"మాత్ర వేసుకున్నప్పుడే రేగుతోందా?"

కోడలు ఆలోచించి, అవునంది.

"అయితే ఇది దయ్యమూ కాదు, దీవెనా కాదు. ఆ మాత్ర నీ ఒంటికి పడదు. వేసుకుంటే ముందు పాత మచ్చే లేస్తుంది. ఇంకా వేసుకుంటూ పోతే పక్కన కొత్తవి లేస్తాయి. నోట్లో పుండ్లు పడినా, కళ్ళు మండినా, ఒంటి మీద పొక్కులొచ్చినా పరిగెత్తుకురా, ప్రాణం మీదికొస్తుంది. ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా ఈ మాత్ర పేరు ముందే చెప్పు. మచ్చ మళ్ళీ వస్తే సిగ్గుపడకుండా నాకు ఫోన్ చెయ్యి."

మామగారు కోడలికన్నా శ్రద్ధగా విన్నారు. ఇంటికి రాగానే, "మిగిలినవి నేను పారేస్తాలేమ్మా" అని మాత్రలు తీసుకున్నారు.

కోడలు తలనొప్పిని తడిగుడ్డతోనే నెట్టుకొచ్చింది. మచ్చ మాసిపోయింది. హమ్మయ్య అనుకుంది.

ఒక సాయంత్రం పని నుంచి వచ్చి, టీ తాగి, అన్నం వార్చుతుంటే మణికట్టు మండింది. చూసుకుంటే మచ్చ. కొన్నాళ్ళకు దాని పక్కన ఇంకొకటి, ఆ తర్వాత మరొకటి, వరుసగా, కాస్త ఏటవాలుగా. మాత్ర ముట్టలేదే, మరి ఇదేమిటి? కోడలికి నిజంగానే భయం పట్టుకుంది. అద్దాలు అరగదీస్తుంటే ఆ చెయ్యి తనది కానట్టు ఉండేది. మామగారు మాత్రం ఈమధ్య కళకళలాడుతున్నారు. నాలుగో మచ్చ లేచిన రోజున ఆమె నాలుకకు లోపెదవి మీద చిన్న పొక్కు తగిలింది.

సిగ్గుపడుతూనే నర్సుకు ఫోన్ చేసింది. "మా అత్తగారేనేమోనండి."

"చచ్చినవాళ్ళు మాత్రలివ్వరమ్మా," అంది నర్సు. "నువ్వు వేసుకోకపోతే ఎవరో వేస్తున్నారు. నీ చేత్తో కలుపుకోనిది ఏం తాగుతున్నావు?"

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. కోడలి చర్మం పట్టుకుంది.

ఫోన్ చెవికి అలాగే పెట్టుకుని ఆమె వంటింటి గుమ్మంలో నిలబడింది. మామగారు ఆమెకోసం టీ కలుపుతున్నారు. కప్పు పక్కన చిన్న గిన్నెలో చెంచాతో ఏదో మెత్తగా నూరుతున్నారు. ఆమెను చూసి కూడా దాచలేదు. ఆ మొహంలో తప్పు చేసిన జాడే లేదు, ఆమెను అదే ఎక్కువ భయపెట్టింది.

"చెయ్యి చూపించమ్మా."

ఆమె మొదటిసారి చెయ్యి వెనక్కి దాచుకుంది. "మామయ్యగారూ, నేను చచ్చిపోతాను."

"అంతదాకా రానిస్తానా తల్లీ," అన్నారాయన బతిమాలుతున్నట్టు, కప్పు ముందుకు జరుపుతూ. "ఆ వేళ్ళు విడదీసింది నేనే కదమ్మా. నాలుగు తిరిగొచ్చాయి. బొటనవేలు ఒక్కటే మిగిలింది."

ఫోన్లో నర్సు, "ఎవరు? ఎవరిస్తున్నారు?" అని అడుగుతూనే ఉంది.

కోడలు నోరు తెరిచింది. పొక్కు చురుక్కుమంది.

"మా మామగారండి," అని చెప్పింది.