తిప్పేసిన రెండు పేర్లు

అక్క చేసే ఉద్యోగం వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. యంత్రాలు నడిపే ఒక ప్రోగ్రామింగ్ భాషకి డాక్యుమెంటేషన్ ఉంటుంది కదా, ఎలా వాడాలో చెప్పే పేజీలు, వాటిల్లో పారామీటర్ల పేర్లు, అంటే ఏ అంకె దేనికో చెప్పే పేర్లు, సరిచెయ్యడం. "పేర్లు దిద్దడానికి కూడా జీతమిస్తారటే?" అని తమ్ముడు ఏడిపిస్తుంటాడు. వాడేమో లిఫ్టుల కంపెనీలో ప్రోగ్రాములు రాస్తాడు. రాసేది ఆ పేజీలు చూసుకునే, అయినా వెక్కిరింపు మానడు.

ఆ గురువారం పదకొండుకి పది నిమిషాలుండగా, ఆఫీసులో అందరికంటే సీనియరైన పెద్దాయన కళ్ళజోడు పైకెత్తి, "ఈ మోటారు పేజీ ఎవరు ముట్టుకున్నారమ్మా?" అన్నాడు.

"నేనే సార్, పోయిన వారం."

మోటారు వేగం తగ్గించమనే ఆదేశం, వాళ్ళ మాటల్లో ఫంక్షన్, గురించిన పేజీ అది. దానికి రెండు అంకెలివ్వాలి: ముందు వేగం, తర్వాత సమయం. వేగం పెంచే ఫంక్షన్‌కి మాత్రం ముందు సమయం, తర్వాత వేగం. రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూసేసరికి ఆమెకి చిరాకేసింది. ఒకదాంట్లో ఒకలా, ఇంకోదాంట్లో ఇంకోలా ఏమిటీ గందరగోళం అనుకుంది. ఎవరినీ అడక్కుండా, కోడ్ తెరిచి చూడకుండా, వేగం తగ్గించే పేజీలో రెండు పేర్లూ అటూ ఇటూ మార్చేసింది. చక్కగా కుదిరిందని మురిసిపోయింది కూడా. అతితెలివంటే ఇదే మరి!

"పేర్లు మనకోసమమ్మా. మిషన్ వరస చూస్తుంది, అంతే," అన్నాడు పెద్దాయన. "నీ పేజీ చూసి, నాలుగు సెకన్లలో సెకనుకి అర మీటరు వేగానికి తగ్గమని ఎవరైనా రాస్తే, అర సెకనులో సెకనుకి నాలుగు మీటర్ల వేగం అందుకోమన్నట్టు."

ఆమె చటుక్కున లేచి నిలబడింది. ఆదివారం అన్నం తింటూ తమ్ముడు ఏమన్నాడు? "కొత్త లిఫ్టు ఆపే ప్రోగ్రాం నీ పేజీ చూసే రాశానే అక్కా. గురువారం పదకొండింటికి పరీక్ష." వాళ్ళ కంపెనీలో ఒక దిక్కుమాలిన ఆచారం ఉంది. ప్రోగ్రాం రాసినవాడే లిఫ్టులో మొదట ఎక్కాలి. అలాగైతే ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాస్తాడని!

తమ్ముడికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది, మళ్ళీ అంతే. పేజీ తను సరిచేస్తానని పెద్దాయన చెబుతున్నా వినిపించుకోకుండా పరుగెత్తింది. కొత్త లిఫ్టు పెట్టిన భవనం మూడు వీధుల అవతలే. "ఎక్కకురా నాయనా, ఎక్కకు," అని పైకే అంటోంది. దారిన పోయేవాళ్ళు పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. చూడనీ!

గుమ్మంలో అడుగు పెట్టిందో లేదో, లోపల ధన్‌మని చప్పుడైంది. నేల అదిరింది. గోడ పట్టుకుని అక్కడే కూలబడిపోయింది.

దుమ్ములోంచి తమ్ముడు వచ్చాడు. కాళ్ళూ చేతులూ సరిగ్గానే ఉన్నాయి. ముసలి మెకానిక్ పట్టుబట్టి ఈసారి ముందు ఇసుక బస్తాలు పంపించాడట. లిఫ్టు ఆగకుండా వచ్చి కింద గుద్దుకుని బస్తాలన్నీ చిట్లిపోయాయి.

"ఎక్కడో తప్పు రాసుంటానే అక్కా," అన్నాడు ఒంటిమీది దుమ్ము దులుపుకుంటూ. "నీ పేజీతో ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్నాను. అందులో తప్పుండదుగా."

"నీ తప్పు కాదురా. ఆ పేర్లు తిప్పేసింది నేనే."

ఎప్పుడూ ఏడిపించేవాడు ఆమె పక్కనే చతికిలబడ్డాడు. "వారం నుంచీ అలాగే ఉందా?" అన్నాడు.

"ఆఁ."

"ఇంకెంతమంది చూసుంటారే?"

ఆమె ఫోన్ తీసి పెద్దాయనకి కలిపింది. ఇప్పటిదాకా ఒక్కడి కోసమే భయపడింది.