మూడో చీటీ

మొదటి కుప్పలో దేవుడు, రెండో కుప్పలో రాజులు. సర్వశక్తిమంతమైన అనే అర్థమున్న 'ఆమ్నిపొటెంట్' మాట కోసం ఇంగ్లండు నలుమూలల నుంచి వచ్చిన చీటీలను హెస్టర్ ట్రాంటర్ ఉదయం నుంచీ వేరుచేస్తోంది. ఏ పుస్తకంలో ఆ మాటను ఎలా వాడారో ఒక్కో చీటీలో రాసి ఉంటుంది. సన్నటి మనిషి, వంగిన వీపు, సిరా ఇంకిన చూపుడువేలు. నిఘంటువు కార్యాలయంలో ఇరవై తొమ్మిదేళ్లుగా అదే కుర్చీ. ఆమె పేరు మాత్రం ఏ సంపుటం ముందుమాటలోనూ లేదు.

మూడో కుప్పలో రెండే చీటీలు. ఒకదానిలో టికెట్ గుమాస్తా, ఇంకోదానిలో వంటవాడు, తమ కాస్త చోటులో ఎదురులేనివాళ్లు. ఏ అర్థానికైనా అచ్చులోంచి మూడు సాక్ష్యాలు ఉండాలని అక్కడి నియమం. ఆ మాట ఉన్న పుట సాయంత్రం నాలుగింటికి అచ్చుకు వెళ్లాలి.

"దేవుడి మాటని వంటింట్లోకి ఈడుస్తారేంటండీ?" అన్నాడు సంపాదకుడు లిడ్గేట్.

"నేనెక్కడ ఈడ్చానండీ? జనం ఎప్పుడో ఈడ్చుకుపోయారు."

"అయితే మూడోది చూపించండి. లేదంటే ఆ అర్థం కొట్టేస్తాను."

హెస్టర్ తల్లి పేదల ఆశ్రమంలో బట్టలు ఉతికేది. అక్కడ పెత్తనం చేసే మేట్రన్‌ను ఈ మాటతోనే దెప్పేది. నోటిమాట సాక్ష్యానికి పనికిరాదు. ఈ అర్థం కొట్టేస్తే అమ్మలాంటివాళ్లు అసలు నోరే విప్పలేదన్నట్టవుతుందని హెస్టర్‌కు కడుపు మండింది.

మధ్యాహ్నం రొట్టె నములుతుంటే చటుక్కున గుర్తొచ్చింది. పదకొండేళ్ల కిందట 'మేట్రన్' చీటీలు సర్దుతూ ఒకటి చూసింది. పంపినవాళ్లు పొరపాటున పక్కమాట కింద గీత గీస్తే, చీటీ వేరే అరలో పడి అక్కడే ఉండిపోతుంది. నిచ్చెన వేసుకుని పై అరకు ఎక్కింది. గుండెలో పోటు వచ్చింది. కాసేపు అర పట్టుకుని నిలబడి, మళ్లీ వెతికింది. దొరికింది! ఒక రోగి పత్రికకు రాసిన ఉత్తరం అది: 'వార్డులో మా మేట్రన్ ఆమ్నిపొటెంట్. దేవుడైనా ఆవిడనడిగే లోపలికి రావాలి.'

లిడ్గేట్ పకపకా నవ్వాడు. "అమ్మో, ఇదెలా గుర్తుందండీ మీకు? అసాధ్యులండీ మీరు!"

నాలుగింటికి పుట మూడో అర్థంతో సహా అచ్చుకు వెళ్లింది. అంత పెద్ద భాషలో ఒక్క వాడుకను కాపాడడానికి అంత శ్రమపడే మనిషికి ఎవరైనా చేతులెత్తి మొక్కాల్సిందే.

అయిదింటికి వెళ్లొస్తానని చెప్పడానికి లిడ్గేట్ వచ్చేసరికి ఆమె బల్ల మీద తల వాల్చి ఉంది. రెండుసార్లు పిలిచాడు. చెయ్యి పట్టుకుని చూశాడు. ఇంకా వెచ్చగానే ఉంది కానీ ప్రాణం లేదు. టోపీ తీసి అలాగే నిలబడిపోయాడు.

ఆ చేతి కింద కొత్త చీటీ ఒకటి ఉంది. తర్వాతి మాట, అంతటా ఉండే అనే అర్థమున్న 'ఆమ్నిప్రెజెంట్', పైన గుండ్రటి దస్తూరీలో రాసి ఉంది. కింద అర్థం రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది.