కోర్టుకెళ్ళిన ఇస్త్రీ పెట్టె

నేను ఒక ఇస్త్రీ పెట్టెను. ఇత్తడి ఒళ్ళు, టేకు పిడి, కడుపులో బొగ్గుల నిప్పు. పార్వతీపురం దగ్గర ఒక కంచరి నన్ను పోతపోశాడు. పోసేటప్పుడు ఒక మూల చిన్న గుంట పడింది. "బట్టకేటీ కాదులే" అని అమ్మేశాడు. నిజమే, బట్టకేమీ కాలేదు.

నన్ను కొన్న అప్పన్న పోయాక కొడుకు గౌరీసు చేతికి వచ్చాను. చేతికి అనడం పేరుకే. బొగ్గులు రాజేసేది, చొక్కాలు రుద్దేది అతని పెళ్ళాం పోలమ్మ. బస్టాండు పక్కన తోపుడు బండి దగ్గర పొద్దంతా నిలబడేది. గౌరీసు ఇళ్ళకు తిరిగి బట్టలు తెచ్చేవాడు, డబ్బులు వసూలు చేసేవాడు. అలా తిరిగే దారిలో ఇంకొక ఇల్లు కుదుర్చుకున్నాడు.

ఒకరోజు పోలమ్మను, చంటి కూతుర్ని బండి దగ్గర నుంచే వెళ్ళగొట్టాడు. సగం రుద్దిన చొక్కా బండి మీద ఉండిపోయింది. తర్వాత విడాకులకు కాగితం పెట్టాడు.

పోలమ్మ నాలుగిళ్ళలో అంట్లు తోముతూ కోర్టుకు వెళ్ళింది. "పిల్లకీ నాకూ కూటికి ఏటైనా ఇప్పించండి బాబూ" అంది. దాన్ని మనోవర్తి అంటారట. మగవాడికి ఎంత వస్తోంది, ఆడదానికి ఎంత చాలడం లేదు, ఇవి చూసి లెక్క కడతారట.

"నీకేమీ రావడం లేదంటే, ఇచ్చేదీ ఏమీ ఉండదు" అని ప్లీడరు గౌరీసుకు చెప్పాడు. "చిరిగిన చొక్కా వేసుకుని రా. పెట్టె కూడా పట్టుకురా. వెలిగించి ఏడాదైందను."

వాయిదా రోజు పొద్దున గౌరీసు చిరిగిన చొక్కా వెతికి తీశాడు. అన్నీ ముడతలు. వాళ్ళింట్లో నలిగిన బట్టతో ఎవరూ గడప దాటరు. ఇస్త్రీవాడే అలా కనిపిస్తే బట్టలెవరిస్తారు? అతని చెయ్యి దానంతటదే బొగ్గులు వేసింది. చిరుగులు పెద్దవి కాకుండా జాగ్రత్తగా రుద్దాడు. బూడిద దులిపి, నన్ను దుప్పటి ముక్కలో చుట్టి కోర్టుకు నడిచాడు. ఇత్తడి తొందరగా చల్లారదు. దుప్పట్లో అసలే చల్లారదు. ఆ సంగతి అతనికి తట్టలేదు.

నన్ను జడ్జిగారి ముందు బల్ల మీద పెట్టారు.

"ఇదొక్కటే నా ఆస్తి బాబూ. ఎలిగించి ఏడాదైపోనాది."

పోలమ్మ అతని చొక్కా ఇస్త్రీ మడతల వంక చూసింది. "అయ్యా, నానొకపాలి ఆ పెట్టి ముట్టుకుంటానండి."

"ఎందుకమ్మా?"

"ముట్టుకుంటే తెలుస్తాది బాబూ." అరచెయ్యి నా మీద పెట్టింది. "కాక ఇంకా సల్లారనేదండి. తమరూ సూడండి."

జడ్జిగారు వేలు ఆనించి గబుక్కున తీసుకున్నారు. "ఏమయ్యా, ఏడాది నుంచీ చల్లారలేదా?"

అందరూ నవ్వారు. గౌరీసు తల దించుకున్నాడు. "ముడతల సొక్కాతో తమరి ముందుకెలా వస్తాను బాబూ" అన్నాడు. ఆ రోజు అతను చెప్పిన నిజం అదొక్కటే.

విడాకులు ఇచ్చారు. నెలనెలా ఇంత ఇవ్వాలని, పోలమ్మ మళ్ళీ పెళ్ళాడితే తప్ప ఆపకూడదని రాశారు. రెండు నెలలు ఇచ్చి మానేశాడు. పోలమ్మ మళ్ళీ కోర్టు చుట్టూ తిరిగింది. తిరిగిన రోజు కూలి లేదు. జప్తుకని కోర్టు అమీనా వచ్చాడు. నన్ను ఎత్తి చూసి, "పనిముట్టు, పట్టుకెళ్ళకూడదు" అని దింపేశాడు. బండి మీది బట్టలు ఊళ్ళోవాళ్ళవి. అమీనా ఉత్త చేతులతో పోతుంటే పోలమ్మ రోడ్డు అవతల నిలబడి చూసింది.

చివరికి గౌరీసును నెల రోజులు జైల్లో పెట్టారు. "కూడెట్టి మరీ బాకీ కొట్టేసినారు" అంటూ బయటికొచ్చాడు. జైలుకెళ్ళినా బాకీ పోదని ప్లీడరు చెప్పాడు. ఆ సాయంత్రమే నన్ను పాత సామాన్ల కొట్టుకు తెచ్చాడు.

"ఏరా, కూడెట్టే పెట్టిని అమ్మేస్తన్నావేటి?" అన్నాడు కొట్టు కామేశం.

"ఇదుంటే దానికీ కూడెట్టమంటారు" అన్నాడు గౌరీసు.

పెట్టె లేని ఇస్త్రీవాడికి రాబడి ఏముంటుంది? నేను నెల రోజులుగా కొట్టులో ఓ మూల పడి ఉంటే, ఆ మాటే రాసి, మనోవర్తి తీసెయ్యమని ప్లీడరు అర్జీ పెట్టాడట. దాని వాయిదా రేపు.

ఇందాక పోలమ్మ వచ్చింది, కూతుర్ని చంకనేసుకుని.

"బాబూ, కావాలనే అమ్మీసినాడని కోర్టులో ఒక్క మాట సెప్తావేటి?"

"నాకెందుకమ్మా కోర్టు గోల? కావాలంటే కొనుక్కో. ఇత్తడి రేటుకే ఇస్తాను."

పిల్లను కింద దింపి, నన్ను ఎత్తింది. మూత తెరిచి చూసింది. కొంగు ముడి విప్పి చూసుకుని, మళ్ళీ కట్టుకుంది.

"నాలుగు రోజులు ఉంచుతావా?"

"పొద్దున్నే లారీ వస్తాది తల్లీ."

నన్ను నెమ్మదిగా నేల మీద నిలబెట్టింది. పిల్లను ఎత్తుకుని వెళ్ళిపోయింది.

కామేశం సుత్తి తీసుకున్నాడు. ముందు పిడి ఊడగొట్టాలి. కర్రకు తూకం లేదు.