నిస్సీ చుట్టూ తిరిగే రాయి

"లేవీ, తల."

బండల ఫ్యాక్టరీలో పాలిష్ మిషను హోరు మధ్య నిస్సీ పిలుపు విని, లేవి వెనక్కి తిరగకుండానే వంగాడు. నిమ్మకాయంత నల్లరాయి అతని జుట్టు మీదుగా పోయి, బండలు తుడుస్తున్న నిస్సీ చుట్టూ తిరిగింది. అతను లేచి మళ్లీ బండ మీద నీళ్లు వదిలాడు.

పోయిన వానాకాలం ఆ రాయి ఆకాశం నుంచి బేతంచెర్ల మీద పడబోయి, పడకుండా నిస్సీ చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. ఇంట్లో వాళ్లమ్మ కృపమణి రాయి దాటేదాకా గరిటె ఆపి, ఆ తర్వాతే వడ్డిస్తుంది. కమలాపురం నుంచి పెండ్లిచూపులకు వచ్చినవాళ్లు కూడా ఒక్కటే అడిగారు.

"రాత్రిపూట గూడా తిరుగుతాదా?"

"తిరుగుతాది వదినా. సప్పుడు మాత్రం ఉండదు," అంది కృపమణి. సంబంధం కుదిరింది.

పెండ్లికొడుకు వసంతకుమార్ మంచివాడు. పొద్దున్నే ఫోనులో బైబిలు వాక్యం పంపుతాడు, తిన్నావా అని అడుగుతాడు. వద్దనడానికి నిస్సీకి ఒక్క కారణమూ దొరకలేదు. అయినా చర్చిలో మూడు ఆదివారాలు చదివే పెండ్లి ప్రకటన మొదటిసారి చదివిన మరునాటి నుంచి రాయి గతి తప్పింది. ఇంట్లో గుండ్రంగానే తిరిగేది. ఫ్యాక్టరీకి వస్తే మాత్రం మిషను వైపు సాగి, అక్కడే కాసేపు తచ్చాడి, మనసొప్పనట్టు మెల్లగా వెనక్కి వచ్చేది.

"దీనికేమైంది లేవీ?" అని నిస్సీ సంగటి తింటూ అడిగింది.

"ఫోన్లో చూసినా. అంగారకుని అవతల ఇట్లాంటివి శానా ఉండాయంట. అన్నీ సూర్యుని చుట్టే తిరుగుతాయంట. దగ్గర్లో పెద్దది ఏదన్నా ఉంటే గుంజి దారి మారుస్తాదంట."

"ఈడ అంత పెద్దది ఏముండాది?"

లేవి చేతిలో ముద్ద వైపు చూసుకున్నాడు. "మిషనేమోలే."

నిజమే అనుకుంది. కానీ అతను టీ తాగను పోతే, రాయి కూడా టీ అంగడిదాకా పోయి వచ్చింది. మిషను ఇక్కడే ఉంది కదా. తిక్క రాయికి పట్టిందా, తనకు పట్టిందా? ఆమెకు ఏమీ అర్థం కాలేదు.

మూడో ఆదివారం వచ్చింది. ఈ ప్రకటన కూడా అయిపోతే ఇక పెండ్లి ఆగేది లేదు.

"ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పవలెను," అని చదివి, పాస్టరు అయ్యగారు కళ్లద్దాలు తీశారు.

రాయి ఆడవాళ్ల చాపలు దాటి మగవాళ్ల వైపు పోయింది. అక్కడ లేవిని చుట్టి, ఇటొచ్చి నిస్సీని చుట్టి, మళ్లీ అటు పోయింది. దారిలో ఉన్నవాళ్లంతా తలలు వంచారు. వెనకవాళ్లు ప్రార్థన అనుకుని కళ్లు మూసుకున్నారు.

నిస్సీ లేచి నిలబడింది. కృపమణి ఆమె కొంగు పట్టి గుంజింది.

"నాకుండాది అయ్యగారూ."

"పెండ్లికూతురు చెప్పకూడదమ్మా. వేరేవాళ్లు చెప్పల్ల."

"చెప్పాల్సిన మనిషి నోరు తెరవడు అయ్యా." ఆమె కొంగు విడిపించుకుంది. "ఇన్నాళ్లూ రాయి మీద నెపం పెడితి. పని అయిపోయినా ఇంటికి పోబుద్ధి కాక మిషను కాడ నిలబడేది నేనే. నాకు లేవి అంటే ఇష్టం."