మిగిలిన ఒకటి

గోల్‌బజార్‌లో దుకాణం తెరిచిననాడు హరిబాబు చేతిలో ఉన్నది నాన్న వదిలివెళ్ళిన కత్తెర ఒక్కటే. రైల్వే ఉద్యోగం రాలేదు. ఆ పద్దు అక్కడే కొట్టేసి ఆటల చొక్కాలు కుట్టడం మొదలుపెట్టాడు. అప్పట్నుంచీ కత్తెర అతని కుడిచేతిని వదల్లేదు. టీ తాగేటప్పుడు కూడా బొటనవేలికి వేలాడుతూనే ఉంటుంది.

ఇవాళ కూడా దాంతోనే చివరి చొక్కా దారం తెంపి, మడిచి, కట్ట మీద పెట్టాడు. సాయంత్రం నిమ్‌పురా అమ్మాయిల ఫుట్‌బాల్ ఫైనల్. కొత్త గిరాకీ. చొక్కాలు నలుగురి కళ్ళలో పడితే ఊళ్ళో జట్లన్నీ తన గుమ్మం తొక్కుతాయని అతని లెక్క.

జట్టును నడిపే దోర్కా టీచరు అమ్మాయిలతో ఆటోల్లో దిగింది. కట్ట విప్పింది. ఒక చొక్కా తిప్పి చూసింది. ఇంకోటి. ఇంకోటి.

"హరిబాబు గారూ, ఏటిది?"

"ఏటి టీచరమ్మా? కుట్టు గట్టిగానే ఏసినాను."

"అందరి వీపు మీదా పదకొండేటి?"

"మీరే గదా ఫోన్లో సెప్పినారు, వెనకాల నంబరెయ్యండి, నిమ్‌పురా ఇలెవెన్ అని!"

"అయ్యో బాబూ, ఇలెవెన్ అంటే జట్టు! నంబర్లు ఒకటి నుంచి వరసగా ఉండాల!"

అమ్మాయిలు పగలబడి నవ్వారు. "మంచిదేలే, బంతి ఎవలికిచ్చినా నాకే ఇచ్చినట్టు!" అంది నీలవేణి. ఎడమపక్క ఆడే పిల్ల, అసలు పదకొండో నంబరు ఆమెదే.

"నవ్వకండే. ఇలా దిగితే రిఫరీ ఆడనివ్వడు. కప్పు అవతలోళ్ళకి ఊరికే ఇచ్చేసినట్టు," అంది టీచరు.

హరిబాబు టీచరు చేతిలోని చొక్కా అందుకున్నాడు. చొక్కాను బల్ల మీద పరిచాడు. పక్కపక్కనే నిలువుగా రెండు తెల్లగుడ్డ పట్టీలు. ఎక్కడో చూసినట్టుంది. స్టేషన్లో రైలు నంబర్లు వెలిగే బోర్డు! అందులో ఏ అంకెకైనా అడ్డగీతలూ నిలువుగీతలూనే కదా!

"బ్లేడ్లు అందుకోండమ్మా! గుడ్డ సిరక్కండా కుట్లిప్పండి!"

ఇక దుకాణం దుకాణంలా లేదు. ఒక పట్టీ ఊడదీస్తే ఒకటి. రెండు పట్టీల మధ్య మూడు అడ్డముక్కలు వేస్తే ఎనిమిది. ఎడమ పట్టీ తీసి నెత్తిన అతికిస్తే ఏడు. ఊడినదేదీ పారెయ్యకుండా ఇంకో చొక్కాకి జమ చేశాడు. మిషను రైలింజనులా పరుగెత్తింది. వీధిలో రిక్షావాళ్ళు ఆగి చూశారు.

"ఎన్నయినాయి?" అంది టీచరు, గుమ్మంలో నిలబడలేక నిలబడి.

"పదయినాయి. ఒకటి మిగిలింది. దానికేటి పన్లేదు, అది పదకొండే."

టీచరు మొహం విచ్చుకుంది. "ఆ మాట పుట్టుకే అదండీ! పూర్వం ఇంగ్లీషోళ్ళు పది వేళ్ళూ లెక్కెట్టేసి, ఒకటి మిగిలింది అనేవోరట. అదే అరిగి అరిగి ఇలెవెన్ అయింది."

మిషను మీంచి తియ్యబోయిన హరిబాబు కాలు అక్కడే ఆగింది. చిన్నప్పుడు నిమ్‌పురా మైదానంలో ఇద్దరు పెద్దపిల్లలు జట్లు పంచుకునేవారు. అందరూ అయిపోయాక మిగిలేది అతనే. ఆడేవాళ్ళ చెప్పులకు కాపలా కూర్చునేవాడు. మిగలడమంటే లెక్కలోంచి పోవడమనే అతను ఇన్నాళ్ళూ అనుకున్నాడు.

"తాతా, నువ్వూ రా!" అంది నీలవేణి, చొక్కా తొడుక్కుంటూ.

"దుకాణమో?"

"ఆడ కుట్టు ఇడిపోతేనో?"

అది వ్యాపారం మాట. కాదనలేకపోయాడు. సూదీ దారం జేబులో వేసుకుని, ఎదురుకొట్టు దోమతెరల దాదాకి "దాదా, దుకాన్‌టా ఎక్టు దేఖో!" అని బెంగాలీలో కేకేసి, దుకాణం అతనికి అప్పజెప్పి ఆటో ఎక్కాడు. పనిరోజున అతను గల్లా వదిలి వెళ్ళడం ఆ వీధి చూడలేదు.

రిఫరీ వీపులన్నీ వరసగా చూశాడు. మూలలు తేలిన ఎనిమిది దగ్గర ఆగి, తడిమి, నవ్వాడు. ఈల వేశాడు.

ఆట చివర్లో బంతి ఎడమపక్కకు దొర్లింది. "ఇలెవెన్! ఇలెవెన్!" అని హరిబాబు గొంతు చిరిగేలా అరిచాడు. జట్టునో, నంబరునో, ఎవరినో అతనికే తెలీదు. నీలవేణి కొట్టిన బంతి వలను ఊపేసింది.

ఫొటోకి కప్పు తెచ్చి అతని చేతుల్లో పెట్టారు. రెండు చేతులా పట్టుకున్నాక గానీ కుడిచెయ్యి తేలిగ్గా ఉందని తెలియలేదు. బొంగురుపోయిన గొంతు ఖర్చు, ఒక జట్టు జమ.

గోల్‌బజార్‌లో, తెరిచి ఉన్న దుకాణంలో, బల్ల మీద కత్తెర నోరు తెరుచుకుని పడి ఉంది. దాని అంచుల మధ్య ఎవరికీ అక్కర్లేకపోయిన తెల్లగుడ్డ పట్టీ, నిలువుగా, ఒకటి.